కలమూ, కాగితమూ, అమానతూ: పంజాగుట్ట ఐవానె ఉర్దూ నేర్పే పాఠాలు

హైదరాబాదు నడిబొడ్డున పక్కపక్కనే ఉన్న రెండు పేటల పేర్లను కాస్త విడదీసి చూడండి. 'అమీర్' అరబ్బీ మాట, 'పేట' మన మాట. 'పంజా' ఫార్సీ మాట, 'గుట్ట' అచ్చ తెలుగు. ఇవి పండితులు నిఘంటువులు ముందు పెట్టుకొని కూర్చిన సమాసాలు కావు. ఒకే బజారులో బేరమాడుకొని, ఒకే బావిలో నీళ్ళు తోడుకొన్న ప్రజల నోట పుట్టిన పేర్లు. ఈనాడు అమీర్‌పేట అనగానే కంప్యూటరు శిక్షణ కేంద్రాల బోర్డులూ, మెట్రో రైలు మారే జనసందోహమూ గుర్తుకు వస్తాయి. పంజాగుట్ట అనగానే వంతెనా, ఆసుపత్రీ, దుకాణాలూ గుర్తుకు వస్తాయి. కాని ఈ రద్దీ నడుమనే, పంజాగుట్ట నుండి సోమాజిగూడ వైపు సాగే దారిలో, 'ఐవానె ఉర్దూ' అనే భవనం ఒకటి ఉంది. దక్కనులో నాలుగు వందల ఏళ్ళకు పైగా కలం పట్టినవారి కృషిలో కొంత భాగం ఆ గోడల మధ్య భద్రపడి ఉంది. కవులు, లేఖకులు, చిత్రకారులు, గ్రంథ సంపాదకులు ఎలా జీవించారు, ఎలా శ్రమించారు, వారి తర్వాత ఆ శ్రమను ఎవరు కాపాడారు అన్న ప్రశ్నలకు సమాధానం వెదకదలచినవారికి ఇంతకన్న అనువైన చోటు తెలుగు నేలపై అరుదు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవడం అవసరం. ఇస్లాం కళలను నిరాకరించిందన్న మాట తరచు వినిపిస్తుంది. దివ్య ఖుర్‌ఆన్‌లో 'కవులు' అన్న పేరుతోనే ఒక సూరా ఉంది. ఆ సూరా చివరి ఆయతులు చేయనిదానిని చెప్పుకొంటూ, ఊహల లోయల్లో దిమ్మరుల్లా తిరిగే కవులను నిందించాయి. అయితే విశ్వసించి, సత్కార్యాలు చేస్తూ, దైవాన్ని అధికంగా స్మరించేవారిని ఆ నిందనుండి స్పష్టంగా మినహాయించాయి. దైవప్రవక్త (స) సన్నిధిలో హస్సాన్ బిన్ సాబిత్ (ర) తన కవిత్వంతో సత్యపక్షాన నిలిచిన సంగతి పాఠకులకు విదితమే. కలం పేరిట మరొక సూరా ఉంది. అందులో కలం సాక్షిగా ప్రమాణం చేయబడింది. కనుక ఇస్లామీయ సమాజం కళాకారుణ్ణి అడిగిన ప్రశ్న 'నీవు కళాకారుడవు ఎందుకయ్యావు?' అన్నది కాదు. 'నీకు లభించిన ఈ శక్తిని ఎలా వినియోగించావు?' అన్నది. శక్తి దైవదత్తమైతే అది అమానతు. అమానతును పాడుచేయకుండా అప్పగించవలసిన బాధ్యత దానిని పొందినవాని మీద ఉంటుంది. ఈ దృష్టితో చూసినప్పుడే మన పూర్వ కళాకారుల జీవితాలు మనకు సరిగా అర్థమవుతాయి.

హైదరాబాదు నగర నిర్మాణంతోనే ఈ కథ ఆరంభమవుతుంది. 1591లో మూసీ దక్షిణ తీరాన కొత్త నగరానికి పునాది పడినప్పుడు గోల్కొండ సింహాసనం మీద ఉన్నవాడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా. ఉర్దూలో పూర్తి దీవాను గల తొలి కవిగా సాహిత్య చరిత్రకారులు ఆయనను పేర్కొంటారు. ఈద్ పండుగలు, మీలాద్, వసంతం, వానాకాలం, ప్రజల వేషభాషలు, పండ్లూ పువ్వులూ ఆయన దక్ఖనీ కవిత్వానికి వస్తువులయ్యాయి. ఆయన పేష్వా మీర్ ముహమ్మద్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుండి వచ్చిన పండితుడు. ధర్మశాస్త్రవేత్త, ఫార్సీ కవి, రాజ్య వ్యవహారాలు నడిపిన మంత్రి. తూనికలు కొలతల గురించి ఒక చిన్న గ్రంథం కూడా రచించాడు. నగర ప్రణాళిక కూడా ఆయన ఆలోచనేనని చరిత్ర ఆయనకు ఘనత ఇస్తున్నది. ఒకే వ్యక్తిలో ఇన్ని విద్యలు కలియడం ఆ కాలంలో వింత కాదు. ఛందస్సులో మాత్రల లెక్క తెలిసినవానికి కట్టడంలో కొలతల లెక్క పరాయిది కాదు. లెక్క తప్పితే పద్యమూ కుంటుతుంది, కమానూ కూలుతుంది. నగరంలో ఆయన పేరిట నిలిచిన 'దాయరా మీర్ మోమిన్' అనే శ్మశానవాటికలోనే ఆయన విశ్రమించాడు.

ఆ దర్బారు ఒక్క ఫార్సీ, దక్ఖనీ భాషలకే పరిమితమైనది కాదు. ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుండి 1580 వరకు పాలించాడు. తెలుగు కవులు ఆయనను 'మల్కిభరాముడు' అని తమ నోటికి అనువైన పేరుతో పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్ ఖాన్ ప్రోత్సాహంతో పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్ర రచించాడు. అచ్చ తెలుగులో వెలువడిన తొలి కావ్యంగా సాహిత్య చరిత్రలో దానికి స్థానముంది. సంస్కృత పదం సోకని తెలుగు కావ్యాన్ని కృతి పుచ్చుకొన్నవాడు ఒక ముస్లిం అధికారి అన్న విషయం మన పిల్లల పాఠాలలో ఎంతవరకు చోటు చేసుకొన్నదో పాఠకులే ఆలోచించాలి.

కవి పేరు కావ్యంతో నిలుస్తుంది. కాని ఆ కావ్యం మన వరకు రావడానికి శ్రమించిన చేతులు ఎన్నో! ఒక వ్రాతప్రతి తయారయ్యే విధానాన్ని గమనిస్తే ఇది తేటతెల్లమవుతుంది. మొదట కాగితానికి పిండి పూత పూసి, ఆరబెట్టి, నున్నటి రాతితో మెరుగు పెట్టేవారు. అలా చేయకపోతే సిరా పాకిపోతుంది, కలం ముల్లు దారాలకు తగులుకొంటుంది. తర్వాత అట్టపై వరుసగా దారాలు బిగించిన 'మిస్తర్' మీద కాగితాన్ని పెట్టి ఒత్తితే, రంగు అంటకుండానే గీతల జాడలు పడేవి. దీపపు మసిని తుమ్మజిగురుతో గంటల తరబడి నూరి సిరా సిద్ధం చేసేవారు. రెల్లు కలాన్ని వాలుగా చెక్కడం ఒక ప్రత్యేక విద్య. ఆ కొనతో పెట్టిన చుక్కే అక్షరానికి కొలబద్ద. నస్తాలీక్ లిపిలో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలని ఉస్తాదు నేర్పితే, శిష్యుడు ఆ ఒక్క గీతను నెలల తరబడి దిద్దేవాడు. పేజీ అడుగున మరుసటి పేజీ తొలి మాటను చిన్నగా వ్రాసేవారు. దానిని 'రికాబ్' అంటారు. పేజీల అంకెలు వాడని రోజుల్లో పుటలు తారుమారు కాకుండా కాపాడినది అదే. లేఖకుడు వదలిన ఖాళీలలో శీర్షికలను ఇంగిలీకపు ఎరుపుతో నింపేవారు. అంచుగీతలు గీసేవాడు ఒకడు, బంగారు పూలు చిత్రించేవాడు మరొకడు, తోలు అట్ట కట్టేవాడు ఇంకొకడు.

ఇంత శ్రమ తర్వాత లేఖకుడు తనకోసం మిగుల్చుకొన్నది చివరి పుటలో నాలుగు పంక్తులు మాత్రమే. దానిని 'తర్ఖీమా' అంటారు. గ్రంథం పూర్తయిన తేదీ, ఊరు, ఎవరి కోసం వ్రాయబడినదో ఆ వివరం, 'అల్పుడు, పాపి' వంటి వినయ విశేషణాలతో తన పేరు, చదివినవారు తనకోసం దుఆ చేయవలసినదని ఒక విన్నపం అక్కడ కనిపిస్తాయి. కొందరైతే పేరు కూడా వ్రాయలేదు. వారు తమను కళాకారులమని చెప్పుకొన్నవారు కారు. తప్పు లేకుండా వ్రాయడమే తమ విధి అనుకొన్నారు. ఖుర్‌ఆన్ ప్రతి వ్రాసేవాడు ఒక్క హర్కతు పొరపడినా అది అర్థం వరకు పోతుందన్న భయం ఆ చేతికి నియమాన్ని నేర్పింది. ఆ నియమమే కాలక్రమాన అందంగా పరిణమించింది.

ఇట్టి గ్రంథాలకు ఆధారం ఆస్థానాలు, జాగీరుదారుల ఇళ్ళు. ఆస్థానం ఉన్నంతకాలం లేఖకునికి భృతి ఉండేది, గ్రంథానికి అలమరా ఉండేది. ఆ ఆధారం సడలినప్పుడు గ్రంథాలు చెదపురుగుల పాలు కావడం, పాత కాగితాల వర్తకుల చేతికి పోవడం మొదలయింది. ఈ ప్రమాదాన్ని ముందుగానే పసిగట్టి, నవాబుల మీద కాక సామాన్య విద్యావంతుల మీద ఆధారపడే సంస్థను నిర్మించిన వ్యక్తి డాక్టర్ సయ్యద్ ముహియుద్దీన్ ఖాద్రీ 'జోర్'.

జోర్ సాహెబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయం తయారు చేసిన తొలి తరం విద్యావంతులలో ఒకరు. లండన్‌లో డాక్టరేటు పొంది, పారిస్‌లో ధ్వనిశాస్త్రం అభ్యసించారు. హిందుస్తానీ ధ్వనులపై ఆయన ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం 1930లో అక్కడే వెలువడింది. అటువంటి విద్య గలవారు ఎక్కడైనా సుఖంగా స్థిరపడవచ్చు. ఆయన హైదరాబాదుకు తిరిగివచ్చి 1931లో 'ఇదారా ఎ అదబియాతె ఉర్దూ'ను స్థాపించారు. ఇంటింటికీ తిరిగి వ్రాతప్రతులు, ఫర్మానాలు, పాత పత్రికలు, చిత్రపటాలు సేకరించారు. సేకరించి తాళం వేసి ఊరుకొన్నవారు కారు. ఒక్కొక్క వ్రాతప్రతినీ చదివి, కర్త ఎవరో, లేఖకుడు ఎవరో, ఏ ఏట వ్రాయబడినదో, మొదలూ తుదీ ఎలా ఉన్నాయో వివరించే సూచీ గ్రంథాలను సంపుటాలుగా వెలువరించారు. ముహమ్మద్ కులీ కవితా సర్వస్వాన్ని పరిష్కరించి 1940లో ప్రచురించారు. మీర్ మోమిన్ జీవితచరిత్ర రచించారు. గోల్కొండ జీవితాన్ని కథలుగా మలచి సామాన్య పాఠకునికీ అందించారు. 1938లో సంస్థ పక్షాన ఒక మాసపత్రిక వెలువడింది. దానికి 'సబ్‌రస్' అని పేరు పెట్టారు. 1635లో ముల్లా వజ్హీ రచించిన దక్ఖనీ వచన గ్రంథం పేరు అది. మూడు వందల ఏళ్ళనాటి రచయితను ప్రతి నెలా పాఠకుని గుమ్మం వద్దకు తెచ్చే ఉపాయం ఇది!

సంస్థ తొలి రోజుల్లో ఆయన ఇంటినే ఆశ్రయించుకొని నడిచింది. సొంత భవనం కావలసివచ్చినప్పుడు స్థలాన్ని దానం చేసినవారు ఆయన సతీమణి తహ్నియతున్నిసా బేగం. ఆమె స్వయంగా కవయిత్రి. నాత్ రచన ఆమె ప్రధాన కృషి. 1955లో శంకుస్థాపన జరిగి, 1960 నాటికి ఐవానె ఉర్దూ నిర్మాణం పూర్తయింది. ఈ కాలాన్ని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. 1948లో నిజాం పాలన అంతరించింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడింది. ఉస్మానియాలో ఉర్దూ బోధనాభాషగా ఉన్న రోజులు గతించాయి. పోయిన వైభవాన్ని తలచుకొని విలపించేవారికి కొరత లేని ఆ రోజుల్లో, ఒక దంపతులు తమ సొంత ఆస్తిలో కొంత భాగాన్ని పుస్తకాల కోసం వదులుకొన్నారు. ఉర్దూ నేర్చుకొనే పెద్దలకోసం సంస్థ పరీక్షలు నిర్వహించింది. జోర్ సాహెబ్ చివరి రోజుల్లో కాశ్మీర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1962లో శ్రీనగర్‌లో కన్నుమూశారు. ఆయన కట్టిన ఇల్లు మాత్రం పంజాగుట్టలో నిలిచింది.

కళాకారుని జీవితం ఎల్లప్పుడూ ఆస్థానంలోనో, సంస్థలోనో గడవదు. హైదరాబాదు కవి అమ్జద్ జీవితం ఇందుకు తార్కాణం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆయన తల్లి, భార్య, కుమార్తె ముగ్గురూ ఆ ప్రవాహంలో కొట్టుకుపోయారు. ఇంటిల్లిపాదిలో మిగిలినవాడు ఆయన ఒక్కడే. ఆ తర్వాత ఆయన ప్రభుత్వ లెక్కల కార్యాలయంలో ఉద్యోగం చేసుకొంటూ, తీరిక వేళల్లో రుబాయీలు వ్రాశారు. నాలుగు పాదాల చిన్న పద్యంలో సబర్, షుకర్, తౌహీద్ భావాలను ఇమిడ్చి ఆ ప్రక్రియకు దక్కనులో పెద్ద దిక్కయ్యారు. పగలు అంకెలు కూడి, రాత్రి మాటలు తూచిన ఆ మనిషి 1961లో మరణించారు. దుఃఖం ఆయనను దైవం నుండి దూరం చేయలేదు. ఆయన రుబాయీలను తెలుగులోకి తెచ్చినవారు ఆదిలాబాదు ప్రాంతానికి చెందిన సామల సదాశివ. ఉర్దూ సాహిత్య చరిత్రను కూడా ఆయనే తెలుగువారికి అందించారు. గాలిబ్‌ను దాశరథి 1961లో తెలుగు గీతాలుగా అందించారు. ఈ ఇద్దరూ ముస్లిములు కారు. మన ఇంటి నిధిని మన భాషలో మనకు విప్పి చూపినవారు మన పొరుగువారు! ఇందుకు వారికి కృతజ్ఞత చెప్పడం ఎంత ధర్మమో, మనవారు ఎందుకు వెనుకబడ్డారని ప్రశ్నించుకోవడమూ అంతే ధర్మం.

ఇక అమీర్‌పేట వైపు చూద్దాం. 1950ల చివరలో చల్లపల్లి రాజా అక్కడ సారథి స్టూడియోను నెలకొల్పారు. మద్రాసు తప్ప మరొక చోట తెలుగు చిత్రం తయారు కాదనుకొనే రోజులవి. 1959లో వెలువడిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు చిత్రమని ప్రసిద్ధి. ఐవానె ఉర్దూ గోడలు లేస్తున్న సంవత్సరాలలోనే, కూతవేటు దూరంలో ఈ కొత్త కళకు కూడా గోడలు లేచాయన్నమాట. సినిమా మంచిచెడ్డల చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. కాని ఒక పోలిక గమనార్హం. చిత్రం ఆరంభంలో రచయిత నుండి వడ్రంగి వరకు పేర్లు తెర మీద వస్తాయి. వ్రాతప్రతి చివర తర్ఖీమాలో లేఖకుడు తన పేరు వ్రాసుకొన్నదీ ఇటువంటి లెక్క కోసమే. ఏ కళ అయినా పలువురి చేతుల కష్టమని రెండూ ఒప్పుకొంటున్నాయి. అయితే తెర మీది పేరు ప్రతిఫలాన్ని, ప్రఖ్యాతిని కోరుతుంది. తర్ఖీమాలోని పేరు చదువరి దుఆను మాత్రమే కోరింది.

లేఖకుని బ్రతుకు తర్వాత ఏమయింది? శిలాముద్రణ వచ్చినప్పుడు అతని పని పోలేదు, మారింది. ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబుల చేతివ్రాతతోనే అచ్చయ్యేవి. ఛత్తా బజారులో శుభలేఖలు, పోస్టర్లు, పుస్తకాలు వ్రాసే కాతిబులు ఆ విద్యతోనే ఇల్లు గడుపుకొనేవారు. 1981లో నూరీ నస్తాలీక్ పేరిట యంత్రలిపి సిద్ధమయింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. శతాబ్దాల విద్య కొద్ది సంవత్సరాలలోనే ఉపాధి విలువను కోల్పోయింది. యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. దానివల్ల గ్రంథాలు చవుకగా, వేగంగా అందుతున్నాయి. కాని కంప్యూటరులోని ఆ అక్షరాలు కూడా మొదట ఒక ఉస్తాదు చేతివ్రాత నుండే తీయబడ్డాయన్నది మరువరాదు. మూలవిద్య తెలిసినవాడు ఒక్కడూ మిగలకపోతే, పాత ప్రతులలో చెరిగిన అక్షరాన్ని పోల్చుకొనేవాడూ మిగలడు.

ఇక్కడ కోస్తా జిల్లాల పాఠకుడు ఒక ప్రశ్న వేయవచ్చు: 'మా ఇంట్లో చదువు తెలుగు, మా వ్యవహారం తెలుగు. పంజాగుట్టలోని ఆ ఉర్దూ, ఫార్సీ ప్రతులతో మాకేమి పని?' ఈ ప్రశ్న న్యాయమైనదే. తెలుగు ముస్లిం కళాకారుల పరంపర వేరుగా ఉంది, అదీ ఘనమైనదే. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) తెలుగులో కవిగా, నాటకకర్తగా పేరు పొందుతూనే ఉమర్ ఖయ్యాంను తెలుగు చేశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ పొందారు. తన ఆత్మకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకొన్నారు. లోకం చులకనగా పలికిన కులవృత్తి పేరును ఆయన గ్రంథం అట్ట మీదికి ఎక్కించారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంలో 1998లో సంగీత కళానిధి బిరుదు వరకు ఎదిగారు. వీరెవరికీ ఆస్థానం లేదు, ఐవాన్ లేదు. సాధనే వారి పెట్టుబడి.

కాని ఈ రెండు పరంపరలు రెండు మతాలు కావు, రెండు దేశాలు కావు. దక్ఖనీ పుట్టినది ఈ నేల మీదనే. అది తెలుగు, కన్నడ, మరాఠీల పొరుగున పెరిగింది. ఉమర్ అలీషాకు ఫార్సీ తెలియకపోతే ఆ అనువాదం లేదు. సదాశివకు ఉర్దూ తెలియకపోతే తెలుగులో అమ్జద్ లేడు. రెండు భాషలూ తెలిసినవాడు వంతెన వంటివాడు. అట్టివారు తగ్గిపోతే ఐవాన్‌లోని ప్రతులు చెదలబారిన పడకుండానే మౌనం వహిస్తాయి. చదివేవాడు లేని గ్రంథానికీ చెదపురుగు తిన్న గ్రంథానికీ ఉన్న తేడా స్వల్పం.

కాబట్టి చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. అరబ్బీ మద్రసాలలో చదివే మన పిల్లలకు లిపి ముందే తెలుసు. వారిలో కొందరికైనా పాత వ్రాతప్రతులను చదివే పద్ధతి నేర్పవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయాలలో పరిశోధన చేసే ముస్లిం యువకులు, యువతులు తమ ఊరి దర్గా, మసీదు, పాత కుటుంబాల వద్ద ఉన్న గ్రంథాల తర్ఖీమాలను సేకరించి తెలుగులో నమోదు చేయవచ్చు. వ్రాతప్రతుల సూచీల సారాన్ని తెలుగులోకి తేవడం ఒక్కరి వల్ల కాకపోయినా పదిమంది పంచుకొంటే సాధ్యమే. ఇందుకు నవాబు అవసరం లేదని జోర్ దంపతులు నిరూపించారు. తీరిక అవసరం లేదని అమ్జద్ నిరూపించారు. సంపద అవసరం లేదని నాజర్ నిరూపించారు.

పూర్వపు కాతిబులు తమ గ్రంథాల చివర చదువరి దుఆను కోరి వెళ్ళిపోయారు. ఆ విన్నపాన్ని చదవగలిగినవారు ఉన్నంతవరకే దానికి సమాధానం లభిస్తుంది. ఆ అక్షరాలను చదవగలిగే తరాన్ని తయారు చేసే బాధ్యతను అల్లాహ్ మనందరికీ గుర్తుచేయుగాక!